చెవిలో నాలుగు మగ్గాలు

పొద్దున ఏడు గంటలకు వాసుదేవ్ కూతురికి జడలు వేసేవాడు. భార్య లలిత ఆ వేళకు ముందురోజు చుట్టిన బీడీ కట్టలు గుడ్డలో మూటగట్టుకుని కంపెనీకి పోయేది. తల్లి యల్లమ్మ గడప పక్కన కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని, తడిపిన బీడీ ఆకు కత్తిరిస్తూ ఉండేది. తండ్రి సిద్ధరాములు బయట అరుగు మీద కూర్చునేవాడు. పదహారేళ్లు పవర్లూమ్ మీద తువ్వాళ్లు నేసిన చేతులు కాబట్టి వాసుదేవ్ వేసిన జడలో బడి విడిచేదాకా వెంట్రుక చెదరదు. తెలుగు నేతగాళ్లుండే ఆ కుంఠా నాకాలో ఏ తల్లీ అంత బిగువుగా వేయలేదని పేరు.

ఆరేళ్ల పూనం జడ వేయించుకున్నంతసేపూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. తండ్రి నోటితో జవాబు చెప్పేవాడు కాదు. జడను ఒకసారి మెల్లగా లాగితే అవును, రెండుసార్లు లాగితే కాదు. ఎనిమిది నెలలుగా ఆ తండ్రీకూతుళ్ల ముచ్చట అంతే.

వాసుదేవ్‌కు పుట్టు నత్తి. మాట గొంతు దాకా వచ్చి, గడియ పెట్టిన తలుపు ముందు చుట్టంలాగా నిలబడిపోతుంది. ముప్పై ఆరేళ్లు దానితోనే బతికాడు, ఇంకో ముప్పై ఆరేళ్లు బతికేవాడే. కానీ నిరుడు పూనం కూడా మాటల మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. యల్లమ్మ చేట పక్కన పెట్టి కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుంది.

"పిల్ల ముందర నువ్వు నోరు తెరవకు బిడ్డా. నీ మాట విని విని దానికి గూడ నత్తి అంటుకున్నది. ఆవు చేన్ల మేస్తే దూడ గట్టున మేస్తదా?"

తల్లి కోపంతో అనలేదు, బతిమాలుతున్నట్టు అంది. అందుకే వాసుదేవ్ కాదనలేకపోయాడు. తన నోట్లోంచి వచ్చేది రోగమే అయితే మూసుకోవడం మంచిదనుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మూగవాడయ్యాడు.

అలాగని అతను ఎన్నడూ ధారాళంగా మాట్లాడని మనిషేం కాదు. అతను పనిచేసిన కార్ఖానాలో నాలుగు మగ్గాలు. అవి నడుస్తుంటే పిడుగు పడ్డా వినపడదు. ఆ రొదలో తన గొంతు తనకే వినపడనప్పుడు వాసుదేవ్ నోటికి అడ్డే ఉండేది కాదు. మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు చెవులతో కాదు, కళ్లతో వింటారు. ఎదుటివాడి పెదవులు చూసి ఎంత పెద్ద కథైనా పట్టేస్తారు. అక్కడ కండెలు చుట్టడానికి వచ్చిన లలిత రెండేళ్లు అతని పెదవులు చూసి, ఇంత మాటకారి నాకాలో లేడని మురిసిపోయింది. బయట కనబడితే తలొంచుకుని పోతాడేమిటంటే బిడియం కాబోలనుకుంది. పెళ్లయ్యాక, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వమని ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడ్డ రోజున మొదటిసారి అతని గొంతు విన్నది. "ల" దగ్గర మొదలుపెట్టిన మొగుడు ఎంతసేపైనా "ల" దగ్గరే ఉన్నాడు. ఆడబిడ్డలు నేలచూపులు చూశారు. లలిత అతని పెదవుల వైపు చూసి, "చెప్పిండు, నాకు వినొచ్చింది" అని, వాళ్లను పక్కకు జరిపి లోపలికి నడిచింది.

ఆ నాలుగు మగ్గాలనూ సేఠ్ నిరుడు దసరాకు ముందు తుక్కు కింద అమ్మేశాడు. మగ్గాలు లారీ ఎక్కాయి. చప్పుడు మాత్రం కార్ఖానాలోనే ఉండిపోయింది. నాకాలో ఎప్పుడూ అంతే. మగ్గం పోయినా దాని చప్పుడు పొద్దున ఎనిమిదింటికి మొదలై సాయంత్రం ఎనిమిదింటికి ఆగుతుంది, వారానికో రోజు సెలవు కూడా తీసుకుంటుంది. కరెంటు పోతే అదీ ఆగుతుంది, ఏం అలవాటో. ఇల్లు అద్దెకు వెతికేవాళ్లు నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయని అడిగిన తర్వాత, పక్కన ఎన్ని మగ్గాలు పోయాయని అడుగుతారు.

జాగ్రత్తగా ఉండాల్సింది గోడలు కూల్చే రోజున. చప్పుడుకు నాలుగు గోడలు కావాలి. అవి పడినప్పుడు ఆ మగ్గాలు నడిపిన మనిషి దగ్గర్లో ఉంటే వెళ్లి ఆ మనిషి చెవుల్లో కూర్చుంటుంది, ఇక జన్మలో దిగదు. చెవుల్లో చేరాక దానికి వేళా లేదు, సెలవూ లేదు. ఎవరూ లేకపోతే రెండు రోజులు వీధుల్లో తిరిగి ఎటో పోతుంది. సిద్ధరాములు పన్నెండేళ్ల కింద, కూలుతున్న గోడకున్న మార్కండేయ స్వామి పటం తెద్దామని లోపలికి ఉరికి, పటంతో పాటు ఎనిమిది మగ్గాలను చెవుల్లో పెట్టుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఆయనకు మనిషి మాట వినపడదు.

మగ్గాలు పోయాక వాసుదేవ్ ఒక గోదాములో తువ్వాళ్లు మడతపెట్టే పనికి కుదిరాడు. మధ్యాహ్నం తిండి వేళ పాత కార్ఖానాకు పోయి, ఆ చప్పుడు మధ్యలో నిలబడి కాసేపు మాట్లాడుకునేవాడు. ఏం మాట్లాడేవాడంటే, పొద్దున పూనం అడిగినవాటికి జవాబులు చెప్పేవాడు. చీమలు నిద్రపోతాయా అని అడిగితే దానికి జవాబు. బడి స్నేహితురాలు మేఘన వాళ్ల ఇంట్లో కోడిపిల్లలు ఉన్నాయి మనకెందుకు లేవు అంటే దానికి జవాబు. అన్నీ చెప్పేసి, నోరు తుడుచుకుని గోదాముకు పోయేవాడు.

ఆ చలికాలం ఆసుపత్రిలో నత్తి ఉన్నవాళ్ల కోసం శిబిరం పెట్టారు. లలిత బలవంతం మీద అందరూ వెళ్లారు. మాటలు నేర్పే శ్వేత మేడం హోట్గి రోడ్‌లో ఉండే తెలుగు పిల్లే, కాకపోతే సగం మాటలు మరాఠీలో వచ్చేవి. ఆమె వాసుదేవ్ చెవిలో శనగగింజంత పరికరం పెట్టి, అగ్గిపెట్టెంత డబ్బా జేబులో వేసింది. మాట్లాడితే ఆ డబ్బా మన గొంతును పట్టుకుని, రెప్పపాటు ఆలస్యంగా మన చెవిలోనే మళ్లీ వినిపిస్తుందట. ఒంటరిగా మాట్లాడితే ఆగేవాళ్లు కూడా ఇంకొకరితో కలిసి చదివితే ఆగరు; ఈ పరికరం మన గొంతునే మనకు జతగా పంపుతుందని ఆమె చెప్పింది. అందరికీ పనిచేయదనీ, కొందరికి కొన్నాళ్లకు చెవి అలవాటు పడిపోతుందనీ, సాధన మానొద్దనీ కూడా చెప్పింది. ఆ మాటలు వాసుదేవ్ వినిపించుకోలేదు. అప్పటికే అతను కూతురి పేరు పలుకుతున్నాడు. "ప" దగ్గర పెదవులు అతుక్కుపోయే మనిషి, సాగదీసి, మెల్లగా, "పూనం" అన్నాడు. వెనకే ఇంకో వాసుదేవ్ చెవిలో "పూనం" అన్నాడు. వాసుదేవ్ మొహం తుండుగుడ్డలో దాచుకుని ఏడ్చాడు.

నత్తి వింటే అంటుకునేది కాదని కూడా శ్వేత మేడం యల్లమ్మకు విడమరిచి చెప్పింది. చదువుకున్నవాళ్లు చెప్పినప్పుడు ఊపినట్టే యల్లమ్మ తలూపింది. ఇంటికొచ్చాక, ఇప్పుడు సాఫుగానే వస్తున్నది కదా, ఇక మాట్లాడుకోమని కొడుక్కు సెలవిచ్చింది.

అయిదు వారాలు ఆ ఇంట్లో పండుగ. పంచాయతీ నోటీసు చదువుతున్నట్టు సాగదీసిన మాటే, అయినా మాట. మొదటిరోజు పూనం వెనక్కి తిరిగి, జడ చేతిలోంచి జారిపోతున్నా చూసుకోకుండా, "బాపూ, నీకు మాటలొచ్చినయా?" అని అడిగింది. వచ్చాయని చెప్పి, చీమల నిద్ర దగ్గర్నుంచి మొదలుపెట్టి ఎనిమిది నెలల బాకీ ప్రశ్నలన్నీ తీర్చాడు. తండ్రి నిదానంగా మాట్లాడుతుంటే పిల్ల కూడా నిదానించింది. మాట మాటకూ తట్టుకునేది కాస్తా, రోజుకు నాలుగైదుసార్లు ఆగడం దగ్గరికి వచ్చింది. లలిత అది చెవులారా విని, ఎవరి దిష్టి తగులుతుందోనని బయట చెప్పలేదు.

ఆరో వారంలో వాసుదేవ్ పాలవాడితో మాట్లాడుతూ "పా" దగ్గర ఆగాడు. చెవిలో గొంతు వస్తూనే ఉంది, నోరు మాత్రం దాన్ని లెక్కచేయడం మానేసింది. శ్వేత మేడం డబ్బాలో ఏవో అంకెలు మార్చింది. మూడు రోజులు బాగుంది, నాలుగో రోజు మళ్లీ మొదలు. వర్షం చప్పుడు, సముద్రం చప్పుడు చెవిలోకి పంపి చూసింది. కుదరలేదు. మగ్గం చప్పుడైతే కుదురుతుందని వాసుదేవ్‌కు తోచి, ఫోన్ పట్టుకుని పాత కార్ఖానాకు పోయి, ఆ రొద మధ్యలో అరగంట రికార్డు చేసుకొచ్చాడు. విని చూస్తే అందులో అతని దగ్గు, పావురాల రెక్కలు, అంతే. పోయిన మగ్గాల చప్పుడు మిషన్లకు ఎక్కదని అరుగు మీది ముసలివాళ్లను అడిగితే ముందే చెప్పేవాళ్లు.

పరికరాన్ని పెట్టెలో పెట్టేశాడు. యల్లమ్మ ఈసారి నోటితో చెప్పలేదు, పిల్ల వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టింది. మళ్లీ జడ లాగుడే మిగిలింది.

తండ్రి నోరు మూతపడగానే పూనం మాట మునుపటికన్నా బిగుసుకుపోయింది. బడిలో పేరు పిలిచినప్పుడు "హజర్" అనాలి. ఆమె "హ" దగ్గర ఉండగానే సార్ తర్వాతి పేరుకు పోయేవాడు. మొదటి బెంచీలో కూర్చున్న పిల్లకు తొమ్మిది రోజులు గైర్హాజరు పడింది. లలిత వెళ్లి అడిగితే, పిలిస్తే పలకాలి కదా అన్నాడు సార్. ఆ తర్వాత పూనం బడిలో నోరు తెరవడమే మానేసింది. ఇంట్లో జడ వేసే వేళ మాత్రం, తండ్రి ఒక్కడి ముందు, తట్టుకుంటూనే మాట్లాడేది. ఈ ఒక్క నోరు కూడా తన నోరులాగా మూసుకుపోతే ఏంగావాలని వాసుదేవ్‌కు అన్నం సహించేది కాదు.

అప్పుడే సేఠ్ నుంచి పాత పనివాళ్లందరి ఫోన్లకూ కబురొచ్చింది. కార్ఖానా స్థలం బిల్డర్‌కు ఇచ్చేశాననీ, గురువారం గోడలు పడతాయనీ, మగ్గం మీద పనిచేసినవాళ్లు ఆ పూట దూరంగా ఉండాలనీ. ఎవరి చుట్టాల ఇంటికి వాళ్లు ప్రయాణం కట్టారు. వాసుదేవ్ కట్టలేదు. బుధవారం సాయంత్రం లలిత ఆకు కట్ట విప్పుతూ మొగుడి మొహం చూసి విషయం పట్టేసింది.

"పోతున్నవా?"

అతను తలూపాడు.

"మామను రోజూ చూస్తనే ఉన్నవ్ గదా. పన్నెండేండ్లాయె. మన పూనం ఏడుపు గూడ ఎరుగడు ఆయన."

వాసుదేవ్ చెప్పడానికి చాలాసేపు పట్టింది. మెడ నరాలు ఉబ్బాయి, చేతులు మోకాళ్లను పట్టుకున్నాయి. చివరికి చెప్పింది ఇంతే: "నే... నేను మంచిగ మాట్లాడితే... అ... అది మంచిగ మాట్లాడింది."

"మాట్లాడింది, నేను విన్న. మల్ల నువ్వెట్ల వింటవ్? అది బాగైందో లేదో నీకెట్ల ఎరుకైతది?"

జవాబు చెప్పడానికి అతనికి ఎంతసేపు పడుతుందో లలితకు తెలుసు. ఆకు కత్తిరించడానికి కూర్చుంది.

గురువారం పొద్దున జడ వేస్తుంటే పూనం మేఘన సంగతి చెప్పింది. మేఘన కోడిపిల్లను సంచిలో పెట్టుకుని బడికి తెచ్చిందట. అది సార్ కుర్చీ కింద రెట్ట వేసిందట. మేఘనకేమో దెబ్బలు, కోడిపిల్లకేమో కొత్తిమీర. అంత చిన్న కథలో పిల్ల ఇరవై చోట్ల ఆగింది. వాసుదేవ్ ఆ ఆగుళ్లు కూడా వదలకుండా విన్నాడు. కథ అయిపోతుండగా జడ కూడా అయిపోవచ్చింది. అతను మెల్లగా విప్పేసి మళ్లీ మొదలుపెట్టాడు. బిగువు సరిపోలేదనుకుని పూనం ఇంకో కథ ఎత్తుకుంది. అది అయ్యేలోపు మళ్లీ విప్పాడు. మూడోసారి విప్పినప్పుడు యల్లమ్మ చేటలోంచి తలెత్తి చూసింది. ఆమెకు అర్థమైంది. పిల్ల బడి సంచిని గోడ పక్కకు జరిపింది.

కార్ఖానా దగ్గర వీధంతా ఖాళీ. బిల్డర్ మనుషులు ఉత్తరాది వాళ్లు, వాళ్లకు ఈ చప్పుడుతో పనిలేదు. ఎవరో మనిషి నిలబడ్డాడనుకుని పక్కకు పొమ్మని సైగ చేశారు. వాసుదేవ్ గేటు పక్కకు జరిగాడు. జేసీబీ మొదటి దెబ్బకు తూర్పు గోడ, రెండో దెబ్బకు రేకులు. నాలుగో గోడ పడేటప్పుడు దుమ్ములోంచి మగ్గాల చప్పుడు వచ్చింది. నొప్పేం లేదు. నాలుగు మగ్గాలు ఒకదాని వెనక ఒకటి, డ్యూటీ ఎక్కే పనివాళ్లలా లోపలికి వచ్చాయి. జేసీబీ ఊగుతూనే ఉంది, దాని చప్పుడు మాత్రం లేదు. వాసుదేవ్ పెదవులు కదిపి "పూనం" అన్నాడు. "పూనం వాసుదేవ్ యన్‌గందుల" అని పూర్తి పేరు అన్నాడు. గొంతులో ఎక్కడా గడియ లేదు. అది తన గొంతు అదురును బట్టి తెలిసింది, వినపడలేదు.

ఇంటికొచ్చాడు. యల్లమ్మ నీళ్ల చెంబు ఇచ్చి లోపలికి పోయింది. అరుగు మీద సిద్ధరాములు జరిగి కొడుక్కు చోటిచ్చాడు. ఎన్ని అని వేళ్లతో అడిగాడు. వాసుదేవ్ నాలుగు వేళ్లు చూపించాడు. సిద్ధరాములు తన ఎనిమిది వేళ్లు ఎత్తి, కొంచెం గర్వంగా, కొడుకు భుజం తట్టాడు.

ఆ సాయంత్రం నుంచి వాసుదేవ్ కూతురితో మాట్లాడాడు. పరికరం నేర్పిన నిదానం విడవకుండా, ఒక్కో మాటనూ దారం చూసుకుని వదిలినట్టు మాట్లాడాడు. యల్లమ్మ చేట ముందు కూర్చుని వినేది. మొదట్లో కళ్లొత్తుకునేది, తర్వాత ఊ కొట్టడం మొదలుపెట్టింది. పూనం జవాబు చెబుతుంటే అతను ఆమె పెదవులు చూసేవాడు. పెద్దవాళ్ల పెదవులు చదవడం వచ్చుగానీ, పాలపళ్లు ఊడిన పిల్ల నోరు చదవడం కష్టం. పెదవి వణికితే ఆగిందా, నవ్విందా, ఊడిన పన్ను సందులో నాలుక పెట్టిందా తెలిసేది కాదు. జడ వేసేటప్పుడైతే ఆమె మొహం అటువైపు ఉంటుంది. వేళ్లకు తల కదలడం మాత్రం తెలిసేది.

నాకాలో ఒక ఆచారం ఉంది. మగ్గాలు చెవుల్లో ఉన్నవాళ్లకు చెడు కబురు చెప్పరు. పెదవులు కదిపి, సైగలు చేసి దుఃఖం చెప్పడం ఎవరికి మనసొప్పుతుంది? అందుకని అన్నిటికీ మంచే చెబుతారు. సిద్ధరాములు చెల్లెలు పోయి ఏడేళ్లయింది. ఎట్లుందని ఆయన అడిగితే, కరీంనగర్‌లో బాగుందని ఇంటిల్లిపాదీ చెబుతారు. అందరికన్నా నమ్మకంగా చెప్పేది వాసుదేవే.

వానాకాలం మొదలయ్యాక శ్వేత మేడం పిల్లను చూపించమంది. ముగ్గురూ పోయారు. మేడం పూనంను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి పేరు అడిగింది. పూనం కాళ్లు ఊపడం ఆపి, ఊపిరి తీసుకుని, "పూనం వాసుదేవ్ యన్‌గందుల" అంది. ఎక్కడా ఆగలేదు. తండ్రి సాగదీసే తీరులోనే, అక్షరం అక్షరం, చివరిదాకా సాఫుగా వచ్చింది. బడి పేరు అడిగితే బడి పేరు, స్నేహితురాలి పేరు అడిగితే మేఘన సంగతి, కోడిపిల్ల సంగతి, సార్ కుర్చీ సంగతి. లలిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

వాసుదేవ్ చూసింది ఆ నీళ్లను.

"ఆగిందా?" అని అడిగాడు. నిక్షేపంలాంటి మాట, ఒక్క తట్టు లేదు.

లలిత లేదని తల అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పు."

"నిజం. నీ మీదొట్టు. ఒక్కసారి గూడ ఆగలే." ఆమె పెదవులు అతనికి బాగా తెలిసిన పెదవులు. ప్రతి మాటా చదివాడు. తన తండ్రికి తనూ ఇలాగే, ఇంత స్పష్టంగా, ఒట్టు పెట్టి చెబుతాడని కూడా అతనికి తెలుసు. మేడం వైపు తిరిగాడు. ఆమె రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించింది, పరికరం పనిచేయడం మానేసిన రోజున కూడా ధైర్యానికి అలాగే చూపించింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, ఆగిందా బిడ్డా అని అడిగాడు. పూనం రెండు చేతులతో తండ్రి మొహం పట్టుకుని, లేదని పెద్దగా తల తిప్పింది. ఆమె కూడా నాకాలో పుట్టిన పిల్లే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పూనం ఒక్క క్షణం నోరు మూయలేదు. వానలో తడుస్తున్న ప్రతి దుకాణం పేరూ చదివింది. పిల్ల రేడియో లెక్క ఉన్నదని ఆటో అతను అద్దంలోంచి చూసి నవ్వాడు. లలిత కూడా నవ్వింది. ఏమంటున్నాడని వాసుదేవ్ అడిగాడు. నీ బిడ్డ తెగ మాట్లాడుతున్నదంటున్నాడని ఆమె పెదవులతో చెప్పింది. వాసుదేవ్ భార్య మొహం వైపు చూశాడు, కూతురి నోటి వైపు చూశాడు. సంతోషమని చెప్పి, నమ్మినట్టే తలూపాడు.